‘ఏం కాదులే’ అంటే భయం పోతుందా?

“మాస్టారూ, మత్తు ఇచ్చాక కుక్క మళ్ళీ లేస్తుందా?”

ఏడో తరగతిలో శ్వాసక్రియ పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పాఠానికీ ప్రశ్నకూ పొంతన లేదని వెనక బల్లల వాళ్ళు నవ్వారు. నిజానికి చాలా దగ్గర పొంతన ఉంది. అదేమిటో కొంచెం ముందుకు వెళ్ళాక మీకే తెలుస్తుంది.

ఆ అమ్మాయి వాళ్ళింట్లో రెండేళ్ళ ఆడకుక్క ఉంది. సీమకుక్క కాదు, మన మంగళగిరి వీధుల్లో పుట్టిన ఊరకుక్కే. దానికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని ఇంట్లో నిర్ణయించారు. మంచి నిర్ణయమే. కాని అమ్మాయికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. నాన్నను అడిగితే “ఏం కాదులే” అన్నాడట. అమ్మ కూడా “ఏం కాదులేవే, పడుకో” అందట. నాయనమ్మ మాత్రం “నోరులేని జీవాన్ని కోయించడం పాపం” అందట. అసలు ఏం జరగబోతోందో ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు.

బాలలూ! ఈ ‘ఏం కాదులే’ అనే మాటతో నాకు చాలా కాలంగా పేచీ ఉంది. అనేవాళ్ళు ప్రేమతోనే అంటారు, కాదనను. కాని ఆ మాటలో సమాచారమంటూ ఏమీ లేదు. పైగా అది పూర్తిగా నిజమూ కాదు. ఏ మత్తుకైనా, ఏ కోతకైనా ఎంతో కొంత ప్రమాదం ఉంటుంది. ఆ సంగతి పిల్లలకు తెలుసు. తమకు తెలిసిన విషయాన్ని పెద్దలు లేదంటే పిల్లలకు ధైర్యం రాదు సరిగదా, దాని గురించి ఇంకెవరినీ అడగకూడదని మాత్రం అర్థమవుతుంది. అప్పుడు భయం లోపలే ఉండిపోయి రాత్రిపూట పెరుగుతుంది. భయపడే మనిషికి వివరం చెప్పాలి, చేయడానికి ఒక పని ఇవ్వాలి అని నా అభిప్రాయం. ఈ వ్యాసం అందుకే.

ముందు భయం సంగతే చూద్దాం. మన మూత్రపిండాల మీద చిన్న టోపీల్లా రెండు అధివృక్క గ్రంథులు ఉన్నాయి. భయం కలగగానే అవి అడ్రినలిన్ అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. అరచేతులు చల్లబడతాయి. రక్తం కండరాలవైపు మళ్ళి జీర్ణకోశం పని మందగిస్తుంది. అన్నం సయించకపోవడానికి కారణం ఇదే, మొండితనం కాదు. అమెరికాకు చెందిన వాల్టర్ కానన్ అనే శాస్త్రజ్ఞుడు 1911లో ఈ విషయాన్ని ఎలా పరీక్షించాడో తెలుసా? పిల్లుల ఎదుట కుక్కను నిలబెట్టి మొరిగించాడు. భయపడిన పిల్లుల రక్తంలో ఆ రసాయనం జాడ కనిపించింది. పాపం పిల్లులు!

కుక్క తరుముతున్నప్పుడు ఈ ఏర్పాటు పిల్లికి బాగా పనికి వస్తుంది. చెట్టెక్కేస్తుంది. కాని వచ్చే వారం జరగబోయే ఆపరేషన్‌ను తప్పించుకోవడానికి ఏ చెట్టెక్కుతాం? అందుకే ఒళ్ళంతా సిద్ధమై, చేసే పని లేక, అదే ఆలోచన తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఆందోళన వాసన కుక్కకు తెలుస్తుంది. ఇది కల్పన కాదు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ విశ్వవిద్యాలయంలో కొందరి చేత కష్టమైన లెక్కలు మనసులోనే చేయించి, అంతకు ముందూ ఆ తర్వాతా వాళ్ళ చెమటనూ ఊపిరినీ సేకరించారు. శిక్షణ ఇచ్చిన నాలుగు కుక్కలు నూటికి 93కు పైగా సార్లు ఆందోళన నాటి నమూనాను సరిగ్గా పట్టేశాయి. 2022లో ఈ ఫలితాలు ప్రచురించారు. (లెక్కల మాస్టారి గదిలోకి కుక్కను రానివ్వకపోవడమే మేలు!) ఆపరేషన్ అంటే ఏమిటో కుక్కకు తెలియదు. తేదీ అసలే తెలియదు. ముందు రాత్రి అది మామూలుగానే నిద్రపోతుంది. దాన్ని పట్టుకుని అర్ధరాత్రి దాకా ఏడిస్తే మాత్రం, ఇంట్లో ఏదో జరుగుతోందని దానికి తెలుస్తుంది.

ఇక ఆపరేషన్ విషయం. మగకుక్కకైతే వృషణాలు తీసివేస్తారు. ఆడకుక్కకు పొట్ట మీద చిన్న గాటు పెట్టి అండాశయాలనూ, చాలాసార్లు వాటితోపాటు గర్భాశయాన్నీ తీసివేస్తారు. కనుక ఆడకుక్కకు జరిగేది కాస్త పెద్ద ఆపరేషన్. ముందుగా కుక్కను తూకం వేస్తారు. మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది గనుక ఆ తూకం చాలా ముఖ్యం. మొదట మగతకు ఒక ఇంజక్షన్, తర్వాత నిద్రకు మరొకటి ఇస్తారు. వెంట్రుకలు గొరిగి చర్మం శుభ్రం చేస్తారు. లోపల రక్తనాళాలను దారంతో బిగించి కట్టి, ఆ పైన కోసి, పొరలు పొరలుగా కుట్లు వేస్తారు. కొన్ని రకాల మత్తులో కుక్క కళ్ళు తెరిచే ఉంటాయి. అది చూసి “మెలకువగానే ఉంది, నొప్పి తెలుస్తోంది” అని కొందరు కంగారు పడతారు. నిద్రలో రెప్ప పడదు, అంతే. కళ్ళు ఆరిపోకుండా వాటిలో మందు వేస్తారు.

ఇప్పుడు శ్వాసక్రియ పాఠానికి వద్దాం. మనం ముద్ద మింగేటప్పుడు శ్వాసనాళం ద్వారాన్ని ఉపజిహ్విక మూస్తుందని చదువుకున్నారు కదా. మత్తులో ఉన్నప్పుడు ఆ కాపలా పని చేయదు. కడుపులో తిండి ఉండి అది పైకి తన్నుకొస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే డాక్టరు చెప్పిన గంట నుంచి కుక్కకు ఏమీ పెట్టకూడదు. పెద్ద కుక్కకు సాధారణంగా ముందురోజు రాత్రి నుంచి తిండి ఆపుతారు. చిన్న కూనలను అంతసేపు పస్తు ఉంచరు, వాటి రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది. నీళ్ళు ఎప్పటి వరకు పెట్టవచ్చో కూడా అడిగి తెలుసుకోవాలి. “అయ్యో, ఆకలితో పోతోందే” అని పొద్దున్నే ఎవరికీ తెలియకుండా పెరుగన్నం ముద్ద పెట్టేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆ ముద్ద కడుపులో ఉన్నట్టు డాక్టరుకు తెలియదు. ఒకవేళ పొరపాటున పెడితే దాచకుండా చెప్పేయాలి, ఆపరేషన్ ఇంకో రోజుకు మారుస్తారు. ఇందులో నామోషీ లేదు.

రెండో పొంతన ఇంకా ఆసక్తికరమైనది. దానికోసం మంగళగిరి నుంచి హైదరాబాదుకూ, ఈ కాలం నుంచి 1888కీ వెళ్ళాలి.

మత్తుమందులు కనుగొని అప్పటికి నలభై ఏళ్ళయింది. అమెరికాలోని బోస్టన్‌లో 1846 అక్టోబరు 16న మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ ప్రయోగం చేసి చూపించాడు. మరుసటి ఏడాది స్కాట్లండ్‌లో సింప్సన్ క్లోరోఫారం వాడాడు. నొప్పి పోయింది కాని కొందరు రోగులు బల్ల మీదే హఠాత్తుగా చనిపోతుండేవారు. ఎందుకు చనిపోతున్నారు? ముందు ఊపిరి ఆగుతోందా, గుండె ఆగుతోందా? దీని మీద వైద్యులు రెండు వర్గాలుగా చీలి పోట్లాడుకుంటున్నారు. హైదరాబాదు రెసిడెన్సీలో సర్జనుగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, ‘ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు’ అనే వర్గంవాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పోషణలో 1888లో ఒక సంఘం, 1889లో రెండో సంఘం ఈ విషయాన్ని పరీక్షించాయి. వాటిని హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లంటారు. రెండోదాని కోసం లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన వైద్యుణ్ణి నిజాం ఖర్చుతో పిలిపించారు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదువుకున్న రూపాబాయి ఫర్దూంజీ ఆ పనిలో పాల్గొంది. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు వైద్యుల్లో ఆమె ఒకరు.

ఆ పరీక్షలు వేటి మీద చేశారు? ఎక్కువగా కుక్కల మీద. వందల కుక్కలు చనిపోయాయి. ఈ మాట పిల్లల పత్రికలో రాయవచ్చా అని కొంత ఆలోచించాను. రాయాలనే అనుకున్నాను. ఈనాడు మీ కుక్క సురక్షితంగా నిద్రపోయి లేవడం వెనక, మనమూ ఆపరేషన్ బల్ల మీద నుంచి లేవడం వెనక, పేరు లేని ఆ కుక్కలున్నాయి. ఈనాడు అలాంటి ప్రయోగానికి అనుమతి దొరకదు, దొరకకూడదు కూడా.

లారీ వర్గం తేల్చినదేమంటే, ప్రాణం తీసేది ఊపిరి ఆగడమే, గుండెకు భయం లేదు అని. అందులో సగమే నిజం. లోతు తక్కువ మత్తులో క్లోరోఫారం గుండె లయనే హఠాత్తుగా చెడగొట్టగలదని ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ 1911లో పిల్లుల మీద చూపించాడు. ఇప్పుడు క్లోరోఫారాన్ని మత్తుకు వాడరు. కాని ‘మత్తు ఇచ్చినవాడు ఊపిరి మీద నుంచి కన్ను తీయకూడదు’ అన్న హైదరాబాదు పాఠం నిలిచింది. దానికి గుండెను కూడా చేర్చారు, అంతే తేడా. 1970లలో జపానులో తకువో అయోయాగి కనిపెట్టిన సూత్రంతో పనిచేసే పరికరం ఒకటి ఉంది. కరోనా రోజుల్లో మీ ఇంట్లో వేలికి తగిలించుకునే ఉంటారు. కుక్కకైతే దాన్ని నాలుకకు తగిలిస్తారు. రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో, నాడి ఎంత వేగంగా ఉందో అది క్షణక్షణం చెబుతుంది.

మరి “లేస్తుందా?” అన్న ప్రశ్నకు జవాబేమిటి? లేస్తుందని ఒట్టు పెట్టి చెప్పలేను, లెక్క చెప్పగలను. ఆ అమ్మాయికీ అదే చెప్పాను.

బ్రిటన్‌లో 2002 నుంచి 2004 వరకు మత్తు తీసుకున్న దాదాపు 98,000 కుక్కల వివరాలు పోగుచేసి 2008లో ప్రచురించారు. అన్ని కుక్కలనూ కలిపి చూస్తే 10,000కు సుమారు 17 చనిపోయాయి. ఆరోగ్యంగా ఉన్నవాటిని మాత్రమే చూస్తే 10,000కు సుమారు 5. అప్పటికే జబ్బుపడ్డ కుక్కల్లో మాత్రం నూటికి ఒకటి కంటె ఎక్కువ. మన దగ్గర ఆసుపత్రులు, పరికరాలు వేరు కనుక ఈ అంకెలను యథాతథంగా మనకు తగిలించకూడదు. కాని పోలిక చూడండి: ఆరోగ్యంగా ఉన్న కుక్కకూ, జబ్బు కుక్కకూ ఎంత తేడా!

పది వేలలో ఐదు అంటే కళ్ళకు కట్టదు. గుంటూరు మిరప యార్డుకు వెళ్ళిన పిల్లలు మనలో చాలామందే ఉంటారు. ఎండుమిరపకాయ ఒకటి సుమారు ఒక గ్రాము ఉంటుందనుకుందాం. పది వేల కాయలంటే పది కిలోలు, ఒక టిక్కీలో పావు వంతు. ఆ కుప్పలోకి కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి ఒక్క కాయ తీయండి. ముందుగా గుర్తుపెట్టిన ఐదు కాయల్లో ఒకటి మీ చేతికి వస్తుందా? రాకపోవచ్చు. వచ్చే అవకాశం బొత్తిగా లేదని కూడా అనలేం. మన భయం అంత పరిమాణంలోనే ఉండాలి. టిక్కీ మొత్తం గుర్తుపెట్టిన కాయలే అన్నంతగా ఉండకూడదు.

అదే పరిశీలనలో మరో సంగతి బయటపడింది. చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం ఆపరేషన్ ముగిశాక చనిపోయాయి, వాటిలోనూ ఎక్కువ మొదటి మూడు గంటల్లోనే. అంటే కుట్లు వేయడంతో పని అయిపోలేదన్నమాట. మెలకువ వచ్చేదాకా ఎవరు కనిపెట్టి చూస్తారన్నది డాక్టరును తప్పక అడగవలసిన ప్రశ్న. “ఇక తీసుకెళ్ళిపోండి” అని సగం నిద్రలోనే కుక్కను ఆటోలో వేసి పంపే చోటు కంటె, తల ఎత్తి నిలబడేదాకా ఉంచుకునే చోటు మేలు. ముక్కు చప్పిగా ఉండే పగ్ వంటి కుక్కలకు శ్వాసమార్గం పుట్టుకతోనే ఇరుకు. వాటికి మత్తు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2003లో ఒక సెల్‌ఫోను కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్‌ను చూసి ఎందరో ఆ జాతిని కొన్నారు కాని, దాని ఊపిరి సంగతి ఎవరూ చెప్పలేదు.

భయంలో ఒక లోపం ఉంది. అది త్రాసులో ఒక పళ్ళాన్నే చూస్తుంది. ఆపరేషన్ చేయిస్తే ఏమవుతుందోనన్న భయం మనకు తెలుసు. చేయించకపోతే ఏమవుతుంది?

ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మీద పడ్డాక గర్భాశయంలో చీము పట్టే జబ్బు రావచ్చు. ఆడకుక్కలకు చిన్న వయసులో ఆపరేషన్ చేయించే అలవాటు అంతగా లేని స్వీడన్‌లో, బీమా చేసిన కుక్కల లెక్కలు తీస్తే, పదేళ్ళు నిండేలోపల దాదాపు నాలుగింట ఒకదానికి ఈ జబ్బు వచ్చింది. అప్పుడు కూడా వైద్యం ఆ ఆపరేషనే. కాని ఈసారి ఒంట్లో విషం పాకిన ముసలి కుక్కకు, అర్ధరాత్రి, హడావిడిగా చేయాలి. పైన చెప్పిన ‘నూటికి ఒకటి’ లెక్కలోకి వచ్చేది ఇలాంటి కుక్కలే. ఒకసారి పిల్లల్ని పెట్టాక చేయిస్తే ఆరోగ్యమని కొందరంటారు, దానికి ఆధారం లేదు. కాపలా కాయడం మానేస్తుందని ఇంకొందరంటారు. మిరప కల్లాల్లో రాత్రిళ్ళు కాపలా ఉండే కుక్కలున్న ప్రాంతం మనది కనుక ఈ మాట ఇక్కడ గట్టిగానే వినిపిస్తుంది. మొరగడానికీ, ఇల్లు కాయడానికీ ఈ ఆపరేషన్‌తో నిమిత్తం లేదు. మగకుక్క ఊరంతా తిరగడం, గోడ గోడకూ కాలెత్తడం తగ్గవచ్చు. ఇంటివాళ్ళకు అది నష్టమా?

అయితే ఆలస్యం చేయవలసిన సందర్భాలూ ఉన్నాయి. కుక్క ఎదలో ఉన్నా, బాగా చిక్కి ఉన్నా, జ్వరంగా ఉన్నా డాక్టరే వాయిదా వేస్తారు. జర్మన్ షెపర్డ్, రిట్రీవర్ వంటి భారీ జాతులకు ఏడాది లోపలే చేయిస్తే కొన్నింటికి కీళ్ళ బాధలు పెరుగుతున్నాయని కాలిఫోర్నియాలో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. కనుక పెద్ద జాతి కుక్క ఉన్నవాళ్ళు ‘ఏ వయసులో?’ అని అడగాలి.

నాయనమ్మ మాటను నేను తీసిపారేయను. జీవిని నొప్పించడానికి వెనకాడే మనసు మంచి మనసు. కాని ఆవిడతో నేను ఒక మాట అంటాను: అమ్మా, ఒంగోలు గిత్తల ప్రాంతం కదా మనది. అరకకు కట్టే ప్రతి ఎద్దుకూ మన తాతలు విత్తులు కొట్టించారు. మత్తు లేదు, మందు లేదు, నలుగురు కలిసి కాళ్ళు కట్టి పడేసి నలగగొట్టేవారు. తర్వాత పశువుల ఆసుపత్రిలోకి బుర్డిజో పట్టకారు వచ్చింది, కోత లేకుండా పని జరిగింది. దాన్ని పాపమని ఎవరూ అనలేదు, సేద్యం అన్నారు. మరి మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా చేసేది పాపమెలా అవుతుంది?

ఇంకో పాపాన్ని మనం కళ్ళారా చూస్తూనే ఉన్నాం. చిత్తకార్తెకూ కుక్కలకూ ఉన్న సంబంధం మన పెద్దలు ఏనాడో గమనించారు. అది అక్టోబరులో వస్తుంది. కుక్క 63 రోజులకు ఈనుతుంది. లెక్క వేయండి: డిసెంబరు చలిలో, సంక్రాంతి ముందర, వీధి మూలల్లో కళ్ళు తెరవని కూనలు. వాటిలో ఎన్ని ఉగాది చూస్తాయి? పెంపుడు కుక్కకు పుట్టిన ఆడకూనలను గోనెసంచిలో కట్టి కాలవ గట్టున వదిలేసి వచ్చినవాళ్ళు దాని గురించి ఎవరితోనూ మాట్లాడరు. చెవి చివర కత్తిరించి ఉన్న వీధికుక్క మీకెక్కడైనా కనిపిస్తే, దానికి ఈ ఆపరేషన్ అయిందనడానికి అది గుర్తు. చెన్నైలోని బ్లూక్రాస్ సంస్థ 1960లలోనే వీధికుక్కలను చంపవద్దు, ఆపరేషన్ చేద్దాం అని వాదించడం మొదలుపెట్టింది. చెన్నై కార్పొరేషను ఒప్పుకున్నది 1996లో. మన విశాఖపట్నంలోనూ, హైదరాబాదులోనూ జంతు సంక్షేమ సంస్థలు ఆ దారినే నడిచాయి. ముప్ఫై ఏళ్ళ పైబడి అడగవలసి వచ్చిందంటే, మన సమాజం ఈ విషయంలో ఎంత మెల్లగా కదిలిందో చూడండి.

సరే, ఇక చేయవలసిన పని. ఆపరేషన్‌కు వారం ముందు ఒక నోటుపుస్తకం తీయండి. కుక్క నిద్రపోతున్నప్పుడు దాని డొక్క ఎన్నిసార్లు లేచి పడుతోందో నిమిషం పాటు లెక్కపెట్టి రాయండి. సాధారణంగా 10 నుంచి 30 మధ్య ఉంటుంది. రోజూ ఒకే వేళకు చూడండి, మన మే నెల ఎండలో మధ్యాహ్నం లెక్కిస్తే ఒగర్పే కనిపిస్తుంది, అంకె పనికిరాదు. పై పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూసి రాయండి. అవి లేత గులాబీ రంగులో ఉండాలి. (నల్ల చిగుళ్ళ కుక్క అయితే కింది రెప్ప లోపలి రంగు చూడాలి.) ఏం తింది, ఎంత తాగింది, విరేచనం మామూలుగా ఉందా అన్నవి కూడా. ఈ పట్టిక డాక్టరుకు నిజంగా ఉపయోగపడుతుంది. మీకు అంతకంటె ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత పోల్చి చూడడానికి ముందటి అంకెలు మీ చేతిలో ఉంటాయి.

పుస్తకం చివరి పేజీలో డాక్టరును అడగవలసినవి రాసుకోండి. రక్తపరీక్ష చేస్తారా? నొప్పికి మందు ఎన్ని రోజులు? మెలకువ వచ్చేదాకా ఎవరుంటారు? రాత్రి ఏమైనా అయితే ఎవరికి ఫోను చేయాలి? పిల్లలు ఇలా అడిగితే విసుక్కునే డాక్టర్లున్నారు, నవ్వి కూర్చోబెట్టి చెప్పేవాళ్ళూ ఉన్నారు. రెండో రకం వాళ్ళనే వెతుక్కోండి. ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో ముందు అడగండి. అక్కడ వీలు లేకపోతే కృష్ణ దాటి వెళితే గన్నవరంలో 1998 నుంచి నడుస్తున్న ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. పెద్దలకు నా మనవి ఒకటే: పిల్లలను ఇంట్లో వదిలేసి వెళ్ళకండి, బడికి ఒక పూట సెలవు పెట్టించి వెంట తీసుకువెళ్ళండి. మా బడిలో అయితే నేను సెలవుచీటీ మీద సంతకం పెడతాను.

ఇంటికి తెచ్చిన రాత్రి కుక్క వణకవచ్చు, తూలవచ్చు, మిమ్మల్ని గుర్తుపట్టనట్టు చూడవచ్చు, సన్నగా మూలగవచ్చు. మత్తు వదిలేటప్పుడు ఇవి మామూలే. మత్తులో ఒంటి వేడి నిలుపుకునే శక్తి తగ్గుతుంది కనుక పాత దుప్పటి కప్పండి. మంచం మీదా, మెట్ల దగ్గరా పడుకోబెట్టవద్దు, నేల మీదే మేలు. పూర్తిగా తెలివి వచ్చేదాకా గిన్నెతో నీళ్ళు ముందు పెట్టవద్దు, కారణం మీకిప్పుడు తెలుసు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా, కుట్ల నుంచి రక్తం ఆగకుండా కారుతున్నా, ఊపిరి కష్టంగా ఉన్నా, గంటలు గడిచినా తల ఎత్తకపోయినా వెంటనే ఫోను చేయాలి. తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదు.

గాయానికి పసుపు అద్దడం మన చేతికి అలవాటు. ఇక్కడ వద్దు. కొబ్బరినూనె, వేపరసం కూడా వద్దు. డాక్టరు ఇచ్చిన మందు తప్ప కుట్ల మీద ఏదీ పడకూడదు. ఇంట్లో మనం వేసుకునే నొప్పి బిళ్ళలు అసలే వద్దు, వాటిలో కొన్ని కుక్క కడుపునూ, కాలేయాన్నీ, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. కుట్లను నాకకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు తగిలిస్తారు. దానితో కుక్క గోడలకూ, మగ్గాల గుంజలకూ ఢీకొంటూ తిరుగుతుంటే జాలేస్తుంది. జాలిపడి విప్పేశారా, పది నిమిషాల్లో కుట్టు ఊడదీస్తుంది.

కుట్లు సాధారణంగా పది, పన్నెండు రోజులకు తీస్తారు. ఈలోగా గంతులు, స్నానం, వీధికుక్కలతో పోట్లాటలు లేవు. తాడు కట్టి నెమ్మదిగా నడిపించాలి. ఆ బాధ్యత పిల్లలకే అప్పగిస్తే వాళ్ళు పెద్దలకంటె బాగా చేస్తారని నా నమ్మకం. నోటుపుస్తకంలో ఊపిరి అంకెలు ముందటివాటితో కలిసిపోయాక ఇక రాయడం ఆపవచ్చు.

ఒక్కటి మాత్రం తర్వాత కూడా చూసుకోవాలి. ఈ ఆపరేషన్ తర్వాత కుక్కకు ఆకలి పెరుగుతుంది, ఒంటికి కావలసిన శక్తి మాత్రం తగ్గుతుంది. పాత కొలత ప్రకారమే పెడితే ఏడాది తిరిగేసరికి పిప్పళ్ళ బస్తాలా అవుతుంది. కనుక అన్నం కాస్త తగ్గించి, నెలకోసారి తూకం వేయండి. ఇంటి తూకం యంత్రం మీద ముందు మీరొక్కరే నిలబడి, తర్వాత కుక్కను ఎత్తుకుని నిలబడి, రెండోదాంట్లోంచి మొదటిది తీసివేస్తే సరి. ఎత్తుకోలేనంత బరువెక్కిందంటే ఇంట్లో ఎవరో చాటుగా పెరుగన్నం పెడుతున్నారన్నమాటే.